సెల్లులు నా సంచిలనే ఉన్నయి

“చలికే ఆరిపోయింది నాయినమ్మా. నిజంగనే.”

“చలికి ముసలోల్లు వణుకుతరు. సైకిల్ లైటుకేం చలి?”

“లైటుకు గాదు. అండ్ల సెల్లులకు. చలికి సెల్లు బలం పోతది. మీటరు గూడ గంతే, అంకెలు ఎలిసిపోయి కనపడుడే బందైంది.”

“రెండు ఒక్కపారే చచ్చినయా? మంచిగనే కూడబలుక్కున్నయి.”

“నువ్వు ఫ్రిజ్‌ల పెట్టినయే ఇచ్చినవు గద. అప్పటికే సల్లగున్నయి. బయట ఇంకింత సల్లగుండె.”

“ఫ్రిజ్‌ల పెడితె సెల్లులు పాడుగావు. పైనింటి సుబ్బలక్ష్మమ్మ చెప్పింది.”

“ఆ ఆంటీ ఏమన్న సైకిల్ తొక్కుతదా?”

“నోరు లేస్తున్నది నీకు. ఇటు తే ఆ లైటు.”

పిల్ల తెచ్చి నా చేతిల పెట్టింది. సైకిల్ ఎనక సీటు కింద తగిలిచ్చే ఎర్ర లైటు. అగ్గిపెట్టె అంత ఉంటది. రెండు సన్న సెల్లులు పడుతయి. ముట్టుకుంటె మంచుగడ్డ లెక్క ఉన్నది. పొయ్యి పక్కన గట్టు మీద పెట్టిన. పప్పు దించిన. చారుల పోపు ఏసిన. చేతులు తుడుచుకొని బొత్తం ఒత్తిన.

ఎలిగింది. ఎర్రగ. టిక్... టిక్... టిక్... కొట్టుకుంటనే ఉన్నది.

నేను పిల్ల దిక్కు చూసిన. పిల్ల లైటు దిక్కు చూసింది.

“ఇదేనా చచ్చిపోయింది?” అన్న.

ఇగ ఇక్కడికెల్లి చెప్పేది వినుండ్రి. మాకు ఒట్లు పెట్టుకునుడు లేదు. ఒట్టేసి చెప్పెటోని మాట ఒట్టు లేకుంటె నిలువదని మెట్టుగూడ చర్చిల పాస్టరయ్య అంటుండె. అందుకని ఒట్టు పెట్ట. జరిగింది జరిగినట్టు చెప్త. ఒక్క ముక్క కలుప. కలిపేటంత చదువు గూడ నాకు లేదు. రెండో తరగతి దాంక పోయిన, అంతే. దయ్యాలను నమ్మేటి మనిషిని గాదు నేను. మనుషులనైతె అసలే నమ్మ. అందుకే ఆ రాత్రి నా కండ్లను గూడ నేను నమ్మలే... ఇప్పటికీ నమ్మొచ్చునా లేదా తెల్వదు.

ఆ పిల్ల నా మనుమరాలు. పేరు ఎస్తేరు. కొడుకు బిడ్డ. కొడుకు కోడలు జనగామ దిక్కు ఊర్లె ఎవుసం చేస్తరు. పిల్ల యూనివర్సిటీల చదువుకుంట నా తాన ఉండె. నా పెనిమిటి రైల్వేల ఖలాసీ చేసి పోయిండు. ఆయన పోయినంక క్వార్టరు ఇడిసి తార్నాకల, పట్టాల దిక్కు గల్లీల, రెండు అర్రల కిరాయి ఇంట్లకు వచ్చిన. పైన ఇంటోల్లు సుబ్బలక్ష్మమ్మ వాల్లు. భీమవరం దిక్కోల్లు.

ఎస్తేరు సైకిల్ పందేలు తొక్కుతది. యూనివర్సిటీ లోపల సైకిల్ పందేలకని సిమెంటుతోని గుండ్రంగ, పెద్ద గంగాళం లెక్క కట్టిన ట్రాక్ ఒకటి ఉన్నది. గాడ తొక్కుతది. కోచ్ సారు ఒక పాత సైకిల్ ఇప్పిచ్చిండు. దానికి ముంగట ఒక మీటరు, ఎనక ఈ ఎర్ర లైటు. మీటరు ఎంత ఉరుకుతున్నదో చెప్తది. రైల్వేల ఆటలోల్లకు నౌకర్లు ఉంటయి గద, దాని సెలక్షన్ ఆ వచ్చే వారమే. తాత చేసిన రైల్వేలనే మనుమరాలికి నౌకరి. నేను మొక్కని మొక్కు లేదు.

గని అవి తెలంగాణ కొట్లాట ఏండ్లు. పొద్దున లేస్తె బందు, మాపటికి లాఠీ. యూనివర్సిటీ గేటుకు ఇనుప ముండ్ల కంచె. కాలేజీ ముందట దీక్ష టెంటు. తార్నాక చౌరస్తాల ఎప్పుడు చూసినా పోలీసు వ్యాన్లు. టియర్ గ్యాస్ కొట్టిన నాడు మా గల్లీ దాంక కండ్లు మండుతుండె. తెలంగాణ వద్దని నేనన్ననా? నాకూ కావాలె. గని పక్క గల్లీల పిలగాన్ని ఒక్కపారి పట్టుకపోయి కేసు రాసిన్రు. నౌకరి వచ్చేదుండె పాపం... కేసు ఉన్నోనికి ఇయ్యమన్నరు. గదీ నా భయం. కేసుల పేరు ఎక్కిందా, పిల్ల నౌకరి గంగల కలిసినట్టే.

అందుకే ఆ మాపటికి ఎస్తేరు ఆలస్యంగ వచ్చి, ‘తొవ్వల లైటు ఆరింది, చీకట్ల దిగి నడిసిన’ అంటె నేను ఎందుకు నమ్మాలె? హాస్టళ్ల కాడ ఆగింది. టెంటు కాడ కూసున్నది. నా లెక్క గది.

“నాయినమ్మా, కోచ్ సారు గూడ చెప్పిండు,” అన్నది పిల్ల. గొంతు తగ్గిచ్చింది. “సెల్లు లోపల మందు ఉంటది. చలికి అది మందగిస్తది. చలికాలం సీసాల కొబ్బరినూనె గడ్డగడితె తలకు ఒంపుదామన్నా రాదు గద, గట్ల. కరెంటు బయటికి రాదు.”

“నూనె గడ్డగట్టినా సీసాలనే ఉంటది. యాడికి పోతది?”

“గదే చెప్తున్న. యాడికీ పోదు. ఎచ్చగైతె మల్ల వస్తది. నువ్వు పొయ్యి కాడ పెట్టినవు. వచ్చింది.”

“మంచి కత. సైకిల్ తొక్కెటప్పుడు రాదు, నేను చూసెటప్పుడు వస్తది.”

“కొత్త సెల్లులు కొనియ్యరాదు మరి. ఇవి గోడ గడియారంలకెల్లి తీసిన పాతయి. గడియారం తిప్పే బలం గూడ లేదని నువ్వే తీసినవు.”

“బలం ఉన్నదో లేదో ఇప్పుడు చూసినం గద.”

మూత ఇప్పి సెల్లులు రెండు బయటికి తీసిన. నా నడుముకు గుడ్డసంచి ఉంటది, బొడ్ల కాడ. ఆకు, వక్క, తాళంచెవి అండ్లనే. సెల్లులు గూడ అండ్ల ఏసి ముడి బిగిచ్చిన.

“లైటు లేకుంట చీకట్ల ఎట్ల పోతవో పో,” అన్న.

 పిల్ల కంచం ముందట కూసొని రెండు బుక్కలు తిన్నది. లేచింది. సైకిల్ కాడికి పోయి పెడలుకు ఆముదం పెట్టింది. తొక్కినప్పుడల్లా కిర్రు... కిర్రు... అంటది ఆ పెడలు. ఆయిల్ అడిగితె నేనే ఆముదం ఇచ్చిన. ఆముదానికి ఆ కిర్రు తగ్గింది గని పోలే.

ఇగ ఆ రాత్రి.

చలి గట్టిగున్నది. రేకుల మీద మంచు పడి టప్... టప్... మని ఒక్కో బొట్టు జారుతున్నది. నాకు నిద్ర తక్కువ. ఎప్పుడో కన్నంటింది. మల్ల ఎప్పుడో... గొళ్లెం చప్పుడు.

మెల్లగ. కావాలని మెల్లగ తీసిన చప్పుడు.

చెయ్యి చాపి పక్క మంచం తడిమిన. ఖాలీ. దుప్పటి ఇంక జర ఎచ్చగనే ఉన్నది. అర్రల సైకిల్ లేదు.

‘దొరికినవు బిడ్డా’ అనుకున్న.

లేచిన. ఆయన రైల్వే కోటు ఒకటి ఉన్నది, నల్లది, మోకాళ్ల దాంక వస్తది. ఏసుకున్న. శాలువ తలకు చుట్టిన. ఆయన టార్చి తీసిన. దాంట్ల ఒక సెల్లు నేను ఎప్పుడూ తిరగేసి పెడ్త, ఊకె అరగకుంట. సీదా పెట్టి బొత్తం ఒత్తిన. పసుపునీళ్ల లెక్క ఎలుగు. ఇగ పాలగిన్నె ఒకటి చేతిల పట్టుకున్న. ఎవడన్న అడుగుతె చెప్పనీకె ఏదన్న ఉండాలె గద.

గల్లీల కుక్కలు గూడ మొరుగలే. ముడుసుకొని పడుకున్నయి. చౌరస్తా కాడ పోలీసోల్లు టైరు కాలబెట్టి చుట్టు నిలబడ్డరు. ఒకడు చూసిండు.

“ఎటు పోతున్నవు అవ్వా, ఈ చలిల?”

గిన్నె చూపిచ్చిన.

“పాలబండి ఇంక రాలే,” అన్నడు వాడు.

“వచ్చేదాంక నడిస్తె కాళ్లు పట్టుకోవు,” అన్న. అబద్ధం గాదు అది. నిజం గూడ గాదు.

రోడ్డు దాటిన. యూనివర్సిటీ గోడ ఒక కాడ కూలి ఉంటది, అందరు అండ్లకెల్లే దుంకుతరు. నేను గూడ కోటు ఎత్తిపట్టుకొని దాటిన. అటు దిగంగనే... కనిపిచ్చింది.

ఎర్ర లైటు.

దూరంగ. చెట్ల నడుమ రోడ్డు మీద. టిక్... టిక్... టిక్...

నాకు ఏమనిపిచ్చిందో చెప్త. భయం గాదు. కోపం. ‘చూసినవా, కొత్త సెల్లులు కొనుక్కున్నది. నాకు చెప్పకుంట. యాడికెల్లి వచ్చినయి పైసలు? ఎవలిచ్చిన్రు?’ గిదే నా ఆలోచన. కొట్లాట పిలగాండ్లే ఇచ్చిన్రు, అర్ధరాత్రి సందేశాలు మోయనీకె ఇచ్చిన్రు అని గూడ అనుకున్న. ఎనుక పడ్డ.

టార్చి ఏసిన. పసుపునీళ్లు... ఇంకింత పలుచనైనయి... పోయింది. బొత్తం కిందికి పైకి ఆడిచ్చిన. లేదు. చేతులకు చలి ఎక్కితె టార్చి ఇనుము గూడ మంచే. బొత్తం ఏసి ఉంచినట్టే, దాన్ని కోటు లోపల సంకల పెట్టుకున్న. పాడుగాకుంట.

ఎర్ర లైటు పోతున్నది. నేను పోతున్న. అది ఆరుతది. నేను ఆగుత. జర సేపు ఏమీ ఉండది... చీకటి, చెట్లు... నా పండ్లు గిటగిట కొట్టుకునే చప్పుడు... మల్ల టిక్. ఇంక జర ముందట. మల్ల నడుసుడు.

‘చలికి ఆరుతది, మల్ల వస్తది’ అని పిల్ల చెప్పిన మాట యాదికొచ్చింది. నవ్వొచ్చింది గూడ. అంటె ఆ మాట నిజమేనన్నట్టు.

ఒక కాడ తొవ్వ చీలుతది. ఎడమకు పోతె హాస్టళ్లు, టెంటు. కుడికి పోతె ట్రాక్. నేను ఊపిరి బిగపట్టి చూసిన. ఎడమకు తిరిగిందా... ఇగ నేను సైకిల్ అమ్మేస్త. సెలక్షన్ లేదు, ఏం లేదు. ఊరికి తోలిస్త.

లైటు కుడికి తిరిగింది.

 పోరి నిజమే చెప్పింది. తొక్కుకోనీకే పోతున్నది. ఇంత చలిల, నాకు భయపడి దొంగ లెక్క గొళ్లెం తీసి, నౌకరి కోసం పోతున్నది. ఇంటికి తిరుగుదామనుకున్న. గని నా గుణం మంచిది గాదు. లోపలికి పోయి గూడ చూడాలె అనిపిచ్చింది. ఒక్కతే ఉన్నదా... ఇంకెవలన్న ఉన్నరా అని.

ట్రాక్ చుట్టు మెట్లు ఉంటయి, జనం కూసొని చూడనీకె. తడుముకుంట పోయి కింది మెట్టు మీద కూసున్న. సిమెంటు... నీళ్ల కుండ మీద కూసున్నట్టే ఉన్నది. మంచు దట్టంగున్నది. ముందట గంగాళం లెక్క పెద్ద చీకటి. అండ్ల ఎర్ర లైటు చుట్టు తిరుగుతున్నది. అటు దిక్కు పోతె చిన్నగ. ఇటు వస్తుంటె పెద్దగ.

నా ముందటికెల్లి పోయింది.

స్‌ర్‌ర్‌ర్‌... టైరు చప్పుడు. గాలికి నా శాలువ అంచు లేచింది. మనిషి మాత్రం మంచుల మసక మసకగ... కనబడ్డదా అంటె కనబడ్డది, కనబడలేదా అంటె కనబడలే. వంగి ఉన్నది. అంతే.

మల్ల చుట్టు తిరిగి వచ్చింది. మల్ల పోయింది. స్‌ర్‌ర్‌ర్‌...

ఏదో తేడా ఉన్నది. ఏందో అర్థం గాలే. ఇంకొకపారి వచ్చేదాంక చెవి పెట్టి కూసున్న.

వచ్చింది. పోయింది.

కిర్రు లేదు.

ఆముదం పెట్టినంక గూడ పోని కిర్రు... లేదు. ఒక్క టైరు చప్పుడే. తొక్కినట్టు గూడ లేదు. ఊకె జారిపోతున్నట్టు.

“ఎస్తేరూ,” అన్న. మెల్లగ.

 లైటు అటు దిక్కు మూల మీద ఉన్నది. గాడ... ఆరింది.

ఇప్పుడు మల్ల వస్తది, అనుకున్న. చలికి ఆరింది. వస్తది.

రాలే.

గని చప్పుడు ఆగలే.

స్‌ర్‌ర్‌ర్‌... అటు మూలకెల్లి మొదలైంది. చీకట్ల. లైటు లేకుంట. దగ్గరికొస్తున్నది. నేను లేద్దామనుకున్న. కోటు మెట్టుకు అంటుకున్నట్టు... లేవలే. దగ్గరికొచ్చింది. ఇంక దగ్గరికి. నా ముందటికి వచ్చి... పోలే. ఆగింది గూడ గాదు. చప్పుడు అట్లనే ఉన్నది, తిరుగుతున్న చక్రం చప్పుడు, ఉన్న కాడనే. నా మోకాళ్ల ముందట. చెయ్యి చాపితె తగిలేటట్టు.

నా మొఖం మీద గాలి కొట్టింది. ఎచ్చగున్నది ఆ గాలి.

గంత చలిల... ఎచ్చటి గాలి.

అప్పుడు నా సంకల ఏదో మెరిసింది. కోటు లోపలికెల్లి, గుండీల సందులకెల్లి ఎలుగు. టార్చి. చచ్చిన టార్చి. మీరు అంటరు, సంకల ఎచ్చగై లేచింది అవ్వా అని. నేను గూడ గట్లనే అనుకుంట. గని అప్పుడే ఎందుకు లేచింది? బయటికి తీసిన.  ముందటికి ఏసిన.

ఖాలీ సిమెంటు. ఏటవాలుగ పైకి పోయిన ఖాలీ సిమెంటు. మీద మంచు తడి. తడి మీద టైరు గీత గూడ లేదు.

చప్పుడు మాత్రం ఉన్నది. స్‌ర్‌ర్‌ర్‌...

నాకు భయమైతె ఆకు నమలాలె. అది నా అలవాటు. తెలివి లేకుంటనే చెయ్యి బొడ్ల సంచిలకు పోయింది. ఆకు కోసం. ఏలికి ఆకు తగులలే.

సెల్లులు తగిలినయి.

రెండు. సన్నయి. నా ఒంటి ఎచ్చకు ఎచ్చగున్నయి.

ఎస్తేరు లైటుల సెల్లులు నా సంచిలనే ఉన్నయి. మరి ఇంతసేపు నేను ఏ లైటు ఎనుక వచ్చిన?

తల ఎత్తిన. అటు దిక్కు మూల మీద ఎర్రగ... టిక్.

“నాయినమ్మా.”

నా ఎనుకకెల్లి. పై మెట్టు మీదికెల్లి.

తిరిగి చూసిన. ఎస్తేరు. సైకిల్ పట్టుకొని నిలబడ్డది. లైటు లేదు, ఏం లేదు. మల్ల ముందటికి చూసిన. ఎర్ర లైటు లేదు. చప్పుడు లేదు. చేతిల టార్చి గూడ ఆరింది.

“నువ్వు ఈడికెందుకు వచ్చినవు?” అన్నది.

“నువ్వెప్పుడు వచ్చినవు?” అన్న నేను.

“ఇప్పుడే. లైటు లేదు గద, చౌరస్తాల పోలీసోల్లు ఆపుతరని పట్టాల దిక్కుకెల్లి చుట్టు తిరిగి నడిపిచ్చుకుంట వచ్చిన. అందుకే ఆలస్యమైంది.”

“లోపల తొక్కింది ఎవలు?”

“లోపల ఎవలున్నరు?”

“ఎర్ర లైటు చూడలేదా? అటు మూల?”

పిల్ల అటు చూసింది. జర సేపు చూసింది. “లేదు,” అన్నది.

ఆ జర సేపు ఎందుకు? లేనిదాన్ని అంతసేపు చూస్తరా ఎవలన్న?

దగ్గరికి రమ్మన్న. చెయ్యి పట్టి చూసిన. మంచుగడ్డ. నడిసి వచ్చిన చెయ్యే అది. మల్ల వీపు మీద చెయ్యి పెట్టిన, శాలువ కప్పుతున్నట్టు. అంగీ తడిగున్నది. మంచు తడో... చెమట తడో. చీకట్ల ఎట్ల చెప్పాలె?

“ఏం చూస్తున్నవు నాయినమ్మా?”

“ఏం లేదు. చలి పెట్టేటట్టున్నది నీకు.”

సైకిల్ మీటరు మీద ఏలు పెట్టిన. “ఇది చూపిస్తదా, ఇప్పుడు తొక్కినవా లేదా?”

“చలికి అంకెలు పోయినయి గద. ఖాలీగున్నది చూడు.”

ఖాలీగనే ఉన్నది.

ఇద్దరం ఇంటిమొఖం పట్టినం. ఆ పూట అది తొక్కలే. నేను తొక్కనియ్యలే. వచ్చేటప్పుడు పట్టాల దిక్కుకెల్లే వచ్చినం. అది ట్రాక్ సైకిల్, చక్రం తిరిగితె పెడలు గూడ తిరుగుతది. నడిపిస్తుంటె కిర్రు... కిర్రు... అన్నది. గా చప్పుడు అంత మంచిగ నాకు ఎన్నడూ వినబడలే.

నేను మస్తు లెక్కలు కట్టిన ఆ తర్వాత. కొట్లాట పిలగాడు ఎవడన్న అయ్యుండొచ్చు. మా ఎస్తేరే అయ్యుండొచ్చు, ఇంకో జత సెల్లులు దాచుకొని ఉండొచ్చు, నన్ను చూసి అటు దిగి చుట్టు తిరిగి ఎనుకకెల్లి రావొచ్చు. గని కిర్రు ఏమాయె? అటు మూల లైటు ఎలిగినప్పుడే ఇటు ఎనుకకెల్లి పిలిచిన గొంతు... దాన్ని ఏ లెక్కల ఎయ్యాలె? నాకు తెల్వదు. ఎస్తేరును అడిగిన, ఒకటి గాదు, మస్తుసార్లు అడిగిన. ఒకపారి ‘నువ్వు నిద్రకండ్లతోని వచ్చినవు’ అంటది. ఒకపారి నవ్వుతది. ఒకపారి ‘ఆ ముచ్చట వద్దు’ అంటది. నవ్విన దాని కంటె ఆ వద్దన్నదే నాకు ఎక్కువ అనుమానం.

ఇగ తెల్లారినంక జరిగింది ఒక్కటి చెప్త. అది మాత్రం పట్టపగలు, నలుగురి ముందట జరిగింది.

ఇంటికొచ్చి కోటు ఇప్పి, సంచి ఇప్పి, ఆకు ఏసుకున్న. సెల్లులు చేతికొచ్చినయి. దాచే వస్తువు చేతికొస్తె నా చెయ్యి ఫ్రిజ్ దిక్కే పోతది. పెరుగు గిన్నె పక్కన పెట్టి మూసిన. ఎందుకు పెట్టిన అంటె అలవాటు, అంతే.

పొద్దెక్కినంక ఇద్దరు పోలీసోల్లు వచ్చిన్రు. ఒకడు పెద్దమనిషి, మీసాలోడు. ఇంకోడు పడుచోడు. గల్లీల అడుగుకుంట వచ్చిన్రు, సైకిల్ తొక్కే పిల్ల ఇల్లు ఏదని.

“రాత్రి హాస్టళ్ల కాడికెల్లి ఒక సైకిల్ పోయింది,” అన్నడు మీసాలోడు. “ఎనక ఎర్ర లైటు. మావోల్లు ఎంటబడితె ఆగలే. హాస్టళ్ల మధ్య ఖబర్లు మోస్తున్నది అదే. నీ సైకిల్‌కు ఎర్ర లైటు ఉన్నదా?”

ఎస్తేరు మొఖంల నెత్తురు లేదు. “ఉన్నది,” అన్నది.

“పేరేంది? పూర్తి పేరు చెప్పు.”

పడుచోడు జేబులకెల్లి పెన్ను తీసిండు. నా గుండె ఆగింది. రాత్రి మెట్ల మీద కూసున్నప్పుడు గూడ గంత ఆగలే. వచ్చే వారమే సెలక్షన్.

పైనకెల్లి సుబ్బలక్ష్మమ్మ మెట్లు దిగింది. “ఏవండీ, ఆ పిల్లకి ఆ గొడవలేం తెలీదండీ. పొద్దస్తమానం ఆ సైకిలూ, చదువూను. మామ్మగారు గడప దాటనిస్తేగా అసలు.”

“మీరుండుండ్రి అమ్మా. లైటు ఏది?”

నేను లైటు తెచ్చి ఇచ్చిన. మూత తీసిండు. ఖాలీ.

“సెల్లులేవి?”

“నిన్న మాపటికే నేను తీసిన. బయట తిరుగుతదని. రాత్రంత నా సంచిలనే ఉండె.”

“ఇప్పుడు యాడున్నయి?”

“ఫ్రిజ్‌ల.”

పడుచోడు నవ్విండు. “సెల్లులకు ఫ్రిజ్ ఏంది అవ్వా, దోసకాయలా అవి?”

తెచ్చి ఇచ్చిన. చేతిల పట్టుకొని “అబ్బ, సల్లగున్నయి” అన్నడు. ఏసిండు. బొత్తం ఒత్తిండు.

ఎలుగలే.

తిప్పి ఏసిండు. పంటితోని కొరికి ఏసిండు. గోడకు కొట్టి ఏసిండు.

ఎలుగలే.

మీసాలోడు లైటు తీసుకొని చూసిండు, నన్ను చూసిండు. “చచ్చిన సెల్లులు ఫ్రిజ్‌ల దాసినవా?”

“పారేస్తె మల్ల వస్తయా?” అన్న.

“ఇది గాదు,” అన్నడు పడుచోనితోని. పెన్ను జేబుల పోయింది. పేరు రాసుకోలే. గేటు దాటి పక్క గల్లీకి పోయిన్రు.

సుబ్బలక్ష్మమ్మ “చూశారా, నేను చెప్పాగా ఫ్రిజ్‌లో పెట్టమని” అనుకుంట పైకి పోయింది. తను చెప్పింది ఎందుకు పనికొచ్చిందో ఆమెకు తెల్వదు.

చచ్చిన సెల్లును నేను ఎన్నడూ పారెయ్య. ఎండల పెడ్త. పిట్టగోడ మీద ఎండ పడుతున్నది. రెండు పక్కపక్కన పెట్టిన. బియ్యం కడిగిన. అన్నం వార్చిన. కూర దించిన. బయటికొచ్చి సెల్లులు చేతిల పట్టుకుంటె ఎచ్చగ, కాలిన రాయి లెక్క ఉన్నయి. లైటుల ఏసిన. బొత్తం ఒత్తిన.

ఎర్రగ ఎలిగింది. టిక్... టిక్... టిక్...

ఎస్తేరు వాకిట్ల కూసొని చైను తుడుస్తున్నది. చెయ్యి ఆగింది. తల ఎత్తి లైటును చూసింది. నన్ను చూసింది. నేను దాన్ని చూసిన.  

పట్టపగలు ఊకె కాలితె సెల్లులు అరుగుతయి. బొత్తం ఒత్తి ఆర్పిన. సెల్లులు తీసి సంచిల ఏసుకొని ముడి బిగిచ్చిన.